పండుగ భోజనమును గూర్చి కొన్ని మాటలు

మన పాఠశాల వార్షిక సంచికకు ఏదైన నొక వ్యాసము వ్రాసి యిమ్మని సంపాదకవర్గమువారు నన్ను కోరిరి. ప్రకృతిశాస్త్రమును బోధించువాడను గావున, అయస్కాంతమును గూర్చియో, ఆకాశమందలి గ్రహములను గూర్చియో వ్రాయుదునని వారు తలంచియుందురు. కాని ఈ సంచిక మీ చేతులకు వచ్చునప్పటికి క్రిస్టమసు సెలవులు సమీపించియుండును. మీ యిండ్లలో పొయ్యిమీదికి బాణలి ఎక్కియుండును. అట్టి సమయమున గ్రహములను గూర్చి చదువువా రెవరు? గావున మీ మనస్సు ఎక్కడ నుండునో అక్కడికే నేనును వచ్చి, పండుగనాటి భోజనమును గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఇందు నా కుటుంబమునకు సంబంధించిన సంగతి యొకటి కలదు. దానిని నేను ఇంతవరకు ఎవరికిని చెప్పియుండలేదు. చెప్పుటవలన ఒకరికైనను మేలు కలుగునను నమ్మకముతో ఇప్పుడు చెప్పుచున్నాను.

మాది గుంటూరు జిల్లాలోని యొక పల్లె. డిసెంబరు మాసము వచ్చినదనిన మా పల్లెలో వరికోతలు సాగుచుండును. అంగళ్లకు క్రొత్త బెల్లము వచ్చును. పండుగకు నాలుగైదు దినములు ముందుగనే మా అమ్మ బియ్యము నానబోసెడిది. ఒక దినమంతయు నానిన బియ్యమును వడగట్టి, తడి ఆరకముందే దంచి, జల్లించి, పిండి సిద్ధపరచెడిది. ఉడుకుచున్న బెల్లపు పాకమును కొంచెము నీటిలో వేసి చూచి, అది వ్రేళ్లనడుమ మెత్తని ఉండగా కట్టినప్పుడు దించి పిండి కలుపవలెను. పాకము ముదిరినచో అరిసె ఱాయివలె నగును. లేతయైనచో నూనెలో విడిపోవును. ఈ విద్యను ఏ శిక్షణ కళాశాలయందును నేర్పరు. మా యింట పాకము చూచుట మా అమ్మ వంతు. పిండి కలుపుట మా పెద్దమ్మ వంతు. అరిసెలు తట్టుట పొరుగింటి వదినెగారి వంతు. కాలిన అరిసెను రెండు చెక్కలనడుమ నుంచి నూనె కారునట్లు ఒత్తుట మా నాయన వంతు. నువ్వులు అద్దుట పిల్లల పని. అరిసెల వెనుక జంతికలు, కజ్జికాయలు, సున్నుండలు. పండుగనాడు ఆరాధన ముగిసిన పిమ్మట గారెలును కోడికూరయు. పళ్లెములమీద గుడ్డ కప్పి ఇరుగుపొరుగు ఇండ్లకు, వారు ఏ మతమువారైనను, పంపుట మా ఆచారము. సంక్రాంతికి ఆ పళ్లెములే వారి అరిసెలతో నిండి మా యింటికి తిరిగి వచ్చెడివి.

మా నాయనయు ఉపాధ్యాయుడే. ఆయనకు నలుబది యెనిమిదవ యేట మధుమేహము కలదని తేలినది. తీపి మానవలెనని వైద్యుడు చెప్పెను. నియమము తప్పనివాడని మా నాయనకు ఊరంతట పేరు. పండుగనాడు అందరితోపాటు పంక్తిలో కూర్చుండి, అరిసెల పళ్లెము తన యెదుటికి వచ్చినప్పుడు దానిని చేతితో ప్రక్కకు జరిపి, నాకు వద్దు అనెడివాడు. చూచినవారందరును ఆయన నిగ్రహమును మెచ్చుకొనెడివారు. నేనును మెచ్చుకొంటిని.

నాకు పదునేడేండ్ల వయస్సున, ఒక క్రిస్టమసు రాత్రి, దాహమై లేచి వంటయింటిలోనికి పోతిని. లోపల దీపము లేదు. వాకిట వ్రేలాడదీసిన నక్షత్రపు దీపము వెలుతురు కిటికీలోనుండి కొంచెముగా పడుచుండెను. ఆ వెలుతురులో మా నాయన అరిసెల డబ్బాముందు నేలమీద కూర్చుండి త్వరత్వరగా తినుచుండెను. నన్ను చూచి ఆయన చేయి ఆగెను. నేను నీళ్లు త్రాగకయే వెనుకకు వచ్చితిని. మరునాడు ఆయన నా ముఖమువంక చూడలేదు. నేనును ఆయనవంక చూడలేదు. ఆ సంగతి మా యిద్దరినడుమ ఎన్నడును మాటలలోనికి రాలేదు.

పెద్దవాడనైన పిమ్మట నాకు బోధపడినదేమనగా, ఆ రాత్రి తిన్న అరిసెలకన్న, తిన్నానను సంగతిని దాచుటయే ఆయనకు ఎక్కువ హాని చేసినది. తిన్నానని వైద్యునితో చెప్పుటకు సిగ్గు. రక్తము పరీక్ష చేయించినచో అది బయటపడునను భయము. గావున పండుగ గడచిన తరువాత నెలల తరబడి ఆయన వైద్యునియొద్దకు పోయెడివాడు కాడు. మందు సరిపోవుచున్నదో లేదో చూచుటకు వైద్యునికి అవకాశము లేకపోయెను. తుదకు మూత్రపిండములు చెడి, 2012వ సంవత్సరమున ఆయన మమ్మును విడిచిపోయెను. ఊరివారందరు, అంత నియమము గలవానికి ఇట్లేల జరిగెనని ఆశ్చర్యపడిరి. నేను మాత్రము ఆశ్చర్యపడలేదు. పెదవి విప్పనును లేదు.

2022 నవంబరులో, నాకు నలుబది మూడేండ్లు నిండిన పిమ్మట, పాఠము చెప్పుచుండగా తఱచు అలసట తోచుచుండుటచేత నేనును రక్తపరీక్ష చేయించుకొంటిని. గడచిన మూడు మాసముల చక్కెర సగటును తెలుపు పరీక్ష యొకటి కలదు. ఆ లెక్క 5.7 శాతమునకు లోబడియున్నచో భయము లేదు, 6.5 గాని, అంతకు మించిగాని యున్నచో అది మధుమేహము. నాది 6.3. డాక్టరుగారు కాగితము చూచి, “మాస్టారూ, వ్యాధి ఇంకా మీ యింట్లోకి రాలేదు, గడపదగ్గర నిలబడి ఉన్నది. రోజూ నడవండి, కొంచెం బరువు తగ్గండి, తినేది చూచుకొని తినండి” అనిరి. అరిసెను ముట్టవద్దని ఆయన చెప్పలేదు. అది నేనే చేర్చుకొంటిని.

ఇట్టి గడపయొద్ద నిలిచినవాడను నేనొక్కడనే కాను. భారత వైద్య పరిశోధనా మండలివారు దేశమంతటను జరిపించిన పరిశీలనయొక్క ఫలితములు 2023వ సంవత్సరమున ప్రకటింపబడినవి. వాని ననుసరించి మన దేశమున మధుమేహము గలవారు ఇంచుమించు 10 కోట్ల 10 లక్షలమంది. దాని గడపయొద్ద నున్నవారు ఇంచుమించు 13 కోట్ల 60 లక్షలమంది. గావున ఈ వ్యాసమును చదువు బాలబాలికలలో పలువురి యిండ్లలో ఇట్టి పెద్దవా రొక్కరైనను ఉందురు.

ఆ సంవత్సరపు క్రిస్టమసుకు నేను తీపిని గాని, నూనె వంటకమును గాని ముట్టనని ప్రతిజ్ఞ చేసితిని. పల్లెకు పోతిమి. డెబ్బది యేండ్లు దాటిన మా అమ్మ మూడు దినములు కష్టపడి అరిసెలు చేసియుండెను. పళ్లెము నా యెదుట పెట్టగా నేను దానిని చేతితో ప్రక్కకు జరిపి, నాకు వద్దు అంటిని. అది మా నాయన చేయి యని నాకు అప్పుడు తోచలేదు. మా అమ్మకు తోచియుండును. ఆమె ఏమియు ననక పళ్లెమును లోపలికి తీసికొనిపోయెను. నా కుమార్తెకు అప్పుడు తొమ్మిదేండ్లు. ఆమె సగము కొరికిన అరిసెను చేతిలో పట్టుకొని, నావంక చూచి, “నాన్నా, తింటే తప్పా?” అని అడిగెను. నేను తప్పు లేదు, తినమ్మా అంటిని. కాని ఆమె తినక దానిని పళ్లెములో పెట్టివేసెను. పిల్లలు మన మాటలకన్న మన ముఖములను ఎక్కువగా చదువుదురు.

ఆ రాత్రి అందరును నిద్రించిన పిమ్మట నేను వంటయింటిలోనికి పోతిని. ఎందుకు పోతినో చెప్పుటకు కారణము లేదు. పగలంతయు వద్దనుకొన్నదే మనస్సులో మెదలుచుండెను. డబ్బా మూత తీసితిని. ఒకటితో ఆపుదుననుకొంటిని, ఆరు తింటిని. రుచి కూడ సరిగా తెలియలేదు. ఇంతలో దీపము వెలిగినది. మా అమ్మ ద్వారమునొద్ద నిలుచుండియుండెను. ఆమె పలికిన మాటలను ఆమె పలికినట్లే వ్రాయుచున్నాను.

“మీ నాయనా ఇట్టాగే చీకట్లో తినేవాడురా. నాకు తెలుసు. తెలిసీ ఒక్కనాడు అడగలేదు. అడిగితే ఆయన మర్యాద పోతుందనుకున్నా. అడక్కుండా మనిషినే పోగొట్టుకున్నా. నువ్వట్టా చెయ్యబాక నాయనా. పొద్దున కూచుని, పిల్లల ముందు ఒకటి తిను. అది చాలు.”

నేను ఆమె పాదములయొద్ద కూర్చుండి చాలసేపు ఏడ్చితిని. ఆరు అరిసెలు తిన్నందుకు కాదు. ఇరువదియారు సంవత్సరములక్రింద ఆ ద్వారమునొద్ద నిలిచినప్పుడు నేనును ఏమియు అడుగక వెనుకకు వచ్చితిని గదా, అందుకు.

విద్యార్థులారా, ఆ రాత్రినుండి నేను ఆలోచించి తెలిసికొన్న సంగతులను ఇక క్రమముగా చెప్పెదను.

లెక్క చేయు బాలుడు ఒక మెట్టున తప్పినచో, ఆ మెట్టును దిద్దుకొని ముందునకు పోవలెను. అట్లుగాక, ఎట్లును తప్పినది గదా యని కాగితమంతయు చించివేసినచో వానిని మనము వివేకి యనము. భోజన విషయమున పెద్దవారమైన మేము తఱచు చేయునది ఇదియే. ఒక అరిసె ఎక్కువ తింటిమి. ఈ దినము ఎట్లును చెడినది గదా యని మఱి నాలుగు తిందుము. ఈ వారము ఎట్లును చెడినది గదా యని క్రొత్త సంవత్సరమువరకు అట్లే గడపుదుము. పిమ్మట సిగ్గుపడి ఒక దినమంతయు ఉపవాసముండి, ఆకలికి తాళలేక మరల తిందుము. ఇందు అరిసె దోషము స్వల్పము. తప్పు చేసితినను భావము మనలను తిన్నదానికన్న ఎక్కువ తినిపించును. ఆపైన దాచుమని చెప్పును. దాచినదానికి వైద్యము లేదు. తిన్నదానికి లెక్క చెప్పుకొనుట వేఱు, తిన్నందుకు కుమిలిపోవుట వేఱు. మొదటిది ఆరోగ్యమునకు సాధనము. రెండవది దానికి శత్రువు.

లెక్క యనుచున్నాను గావున, తొమ్మిదవ తరగతి విద్యార్థులతో కలిసి చేసిన యొక లెక్కను ఇచ్చట వ్రాయుచున్నాను. మా అమ్మ కొలత ప్రకారము ఒక కిలో బియ్యమునకు 700 గ్రాముల బెల్లము. దానికి 40 అరిసెలగును. అనగా ఒక్కొక్క అరిసెలో బియ్యము 25 గ్రాములు, బెల్లము పదునేడున్నర గ్రాములు. బాణలిలోని నూనెను ముందును తరువాతను తూచి చూడగా, ఒక్కొక్కటి పీల్చుకొన్న నూనె సుమారు 7 గ్రాములని తేలినది. ఇవన్నియు కలిపిన శక్తి 200 కిలో కాలరీలకు కొంచెము పైమాట. మధ్యరకపు నడకతో ముప్పాతిక గంట నడచినచో ఇంచుమించు అంత శక్తి వ్యయమగును. బెల్లము చక్కెర కాదు గావున దానివలన భయము లేదని కొందరందురు. బెల్లమున కొన్ని లవణములు స్వల్పముగా నుండుమాట నిజమే. కాని రక్తమున చక్కెరను పెంచుటలో రెంటికిని భేదము బహు కొద్ది.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2015వ సంవత్సరమున ప్రకటించిన సూచన ప్రకారము, దినమునకు 2000 కిలో కాలరీలు తీసికొనువారు పదార్థములకు చేర్చుకొను తీపి 50 గ్రాములు మించరాదు. 25 గ్రాములకు లోబడియున్నచో మఱింత మేలు. ఈ ప్రకారము ఒక అరిసె హద్దులోనే యున్నది. ఆ దినమున రెండు తిన్నను పెద్ద హద్దు దాటదు.

అటు పిమ్మట ఒక విద్యార్థి లేచి, “మాస్టారూ, మరి టీ సంగతి?” అని అడిగెను. నేను దినమునకు నాలుగు పర్యాయములు టీ త్రాగుదునని మా తరగతిలో అందరికిని తెలియును. ఒక్కొక్క కప్పునకు రెండు చెంచాల చక్కెర. చెంచాకు 5 గ్రాములు. దినమునకు 40 గ్రాములు. దానిని 365చేత గుణింపుమంటిని. 14,600 గ్రాములు వచ్చినది. అనగా సంవత్సరమునకు పదునాలుగున్నర కిలోలకు పైగా చక్కెర! పండుగ దినములన్నింటిలో కలిపి నేను పది అరిసెలు తిన్ననను, వానిలోని బెల్లము 175 గ్రాములే. అది నా నాలుగు దినముల టీలోని చక్కెరకు కొంచెము ఎక్కువ. తరగతి యంతయు నవ్వెను. నేనును నవ్వితిని గాని, లోలోపల సిగ్గుపడితిని. సంవత్సరమునకు ఒక పర్యాయము మా అమ్మ చేతితో పెట్టిన దానిని త్రోసివేసి, ఆమె మనస్సు నొప్పించి, దినమునకు నాలుగు పర్యాయములు రుచి కూడ ఎఱుగక త్రాగుచున్నదానిని నేను ఎన్నడును శంకింపలేదు. ఆ వారమునుండి నా టీలో చక్కెరను తగ్గించుచు, రెండు మాసములకు పూర్తిగా మానితిని.

దీనికి సరిపోవు పరిశోధన యొకటి కలదు. అమెరికా దేశమున 195మంది పెద్దవారిని పండుగల కాలమునకు ముందును తరువాతను తూచి, ఆ ఫలితములను 2000వ సంవత్సరమున ప్రకటించిరి. పండుగ వారములలో వారికి సగటున పెరిగిన బరువు 370 గ్రాములు మాత్రమే. మనము భయపడునంత కాదు. అయితే పిమ్మటి మాసములలో ఆ పెరిగిన బరువు తగ్గలేదు. ఇందువలన మనము గ్రహింపవలసినదేమనగా, పండుగనాటి భోజనమున అపాయము అల్పము. పండుగ ముగిసిన తరువాత మామూలు భోజనమునకు తిరిగి రాకపోవుటయందే అపాయమున్నది. సంవత్సరములు గడచినకొలది ఆ చిన్న మొత్తములే పెద్దవగును.

ఇక నేను ఆచరించి మేలు పొందిన కొన్ని పద్ధతులను చెప్పెదను. వీనిలో కష్టమైనది ఏదియు లేదు.

మొదటిది, ఎన్నుకొనుట. పండుగనాడు మన యెదుటికి వచ్చునవన్నియు పండుగ వంటకములు కావు. అంగడి బిస్కత్తులు, సీసా పానీయములు ఏడాది పొడవున దొరకును. 300 మిల్లీలీటర్ల కోలా పానీయమున సుమారు 30 గ్రాముల చక్కెర యుండును. అనగా రెండు అరిసెలలోని బెల్లమునకు కొంచెము తక్కువ. నేను పానీయమును విడిచి అరిసెను ఎన్నుకొంటిని. ఇంటివారు చేతులారా చేసినదానిని, ఆ దినమున మాత్రమే దొరకుదానిని తినవలెను. తక్కినవానిని విడిచిన లోటు లేదు.

రెండవది, ఆకలిని దాచిపెట్టుకొనకుండుట. మధ్యాహ్నము విందు గలదని ఉదయము ఏమియు తినక ఆరాధనకు పోవువారున్నారు. వారు విందుకడ కూర్చుండునప్పుడు చేయి వారి స్వాధీనమున నుండదు. మధుమేహమునకు మాత్రలుగాని ఇన్సులిన్ గాని పుచ్చుకొనువారు భోజనము మానుట మఱింత ప్రమాదకరము. వారికి చక్కెర ఒక్కసారిగా పడిపోయి స్మృతి తప్పవచ్చును. ఉదయము రెండు ఇడ్లీలు తిని పోయినచో విందుకు అగౌరవము లేదు.

మూడవది, వరుస. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ యున్నది. అది 1918వ సంవత్సరమున కూనూరులో చిన్నదిగా ఆరంభమై, పిమ్మట మన హైదరాబాదునకు వచ్చినది. వారు 2024లో ప్రకటించిన సూచనలయందు, మన దినపు ఆహారమున ఇంచుమించు సగము కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, దుంపలు ఉండవలెనని చెప్పిరి. పండుగనాడు సగము కుదరకపోయినను, మొదట కూరయు, పప్పును, మాంసమును తిని, పిమ్మట అన్నమునో పులావునో తిని, తీపిని తుదకు పెట్టుకొన్నచో రక్తమున చక్కెర ఒక్కసారిగా ఎగయదు. ఉత్త కడుపున అరిసె తినుటకును, భోజనాంతమున తినుటకును భేదము కలదు.

నాలుగవది, నడక. భోజనమైన పిమ్మట పది పదునైదు నిమిషములు మెల్లగా నడచినను చక్కెర తగ్గునని పరీక్షలవలన తేలినది. మా పల్లెలో ఇది సులభము. పండుగ పళ్లెములను నేనే తీసికొని ఇంటింటికి పోవుచున్నాను. అయితే తిన్నదానికి శిక్షగా నడువరాదు. శిక్షగా చేసిన పని నాలుగు దినములకన్న నిలువదని ఉపాధ్యాయుడనైన నాకు బాగుగా తెలియును.

ఐదవది, నూనె. ఒకసారి కాచిన నూనెనే మరల మరల కాచి వంటకములు చేయుట మంచిది కాదు. పొదుపు చేయదలచినచో తక్కువ నూనె పోసి తక్కువగా వండుడు.

ఆఱవది, మరునాడు. పండుగ మరునాటి ఉదయము మామూలుగా లేచి, మామూలుగా తినవలెను. ఉపవాసమును వద్దు, పండుగను సాగదీయుటయు వద్దు. మిగిలినవానిని ఇంటిలో కంటికి ఎదురుగా పెట్టుకొనక పంచిపెట్టవలెను.

ఏడవది, నిజము చెప్పుట. వైద్యుడు ఏమి తింటివని అడిగినప్పుడు, తిన్నది తిన్నట్లు చెప్పవలెను. ఆయన మనకు మార్కులు వేయుటకు కూర్చుండలేదు. ఏ వ్యాధిచేతనైన వైద్యుడు ఒక పదార్థమును బొత్తిగా నిషేధించియున్నచో, ఆ మాటయే ప్రమాణము గాని నా వ్యాసము ప్రమాణము కాదు.

మఱియొక మాట చెప్పక విడువరాదు. పైన వ్రాసినదంతయు నావంటి పెద్దవారిని గూర్చినది. మన వసతిగృహమున నున్న బాలబాలికలలో కొందరికి ఇంటియొద్ద మాంసపు కూర పండుగనాడే దొరకునని నే నెఱుగుదును. వారికి మితమును బోధించుటకన్న హాస్యాస్పదమైనది లేదు. ఎదుగు పిల్లలారా, పండుగనాడు కడుపునిండ సంతోషముతో తినుడు. తినుచున్న తోడివానిని చూచి లావువాడవనియు, సన్నవాడవనియు పరిహసింపకుడు. ఒకనాటి పరిహాసము ఒక బిడ్డను ఎన్నాళ్లు చీకటిలో తినునట్లు చేయునో మీరెఱుగరు. పరిశుద్ధ గ్రంథమున నెహెమ్యా దినములలో, పండుగనాడు దుఃఖించుచున్న జనులను, పోయి మంచి భోజనము చేయుడనియు, ఏమియు లేనివారికి వంతులు పంపుడనియు పెద్దలు హెచ్చరించినట్లు మనము చదువుచున్నాము. భోజనమును, పంచుటయు అచ్చట ఒకే ఆజ్ఞగా నున్నవి. సంఘమున ప్రేమవిందు పెట్టునప్పుడు చివరి పంక్తివారికి కూడ కూర మిగులునట్లు చూచుకొన్నచో, ముందు పంక్తివారికి మితము తానే అలవడును.

2023వ సంవత్సరపు క్రిస్టమసునాడు మధ్యాహ్న భోజనమైన పిమ్మట, మా అమ్మ పళ్లెము తెచ్చి నా యెదుట పెట్టెను. నేను ఒక అరిసె తీసికొని, అందరి యెదుటను, మెల్లగా తింటిని. నువ్వుల వాసన, బెల్లపు రుచి, అంచున కొంచెము కరకర, నడుమ మెత్తదనము. ముందటి సంవత్సరము తిన్న ఆరింటిలో లేని రుచి ఆ యొక్కదానిలో నుండెను. ఇంకొకటి వేయుమందువా యని మా అమ్మ అడిగెను. చాలునమ్మా అంటిని. ఈసారి ఆమె మనస్సు నొచ్చుకొనలేదు. నా కుమార్తె రెండు తిని, మూడవది చేత పట్టుకొని పెరటిలోనికి పరుగెత్తెను. ఫిబ్రవరిలో చేయించిన పరీక్షలో నా లెక్క 5.8 వచ్చినది. గడప ఇంకను దగ్గరనే యున్నది. దానిని మఱచిపోవుటకు వీలులేదు. కాని భయపడి చీకటిలోనికి పోవలసిన పనియు లేదు.

ఇప్పుడు మా అమ్మకు దంచు ఓపిక లేదు. తడిబియ్యమును మరకు పంపి పిండి పట్టించుచున్నాము. ఆమె పొయ్యిప్రక్క పీటవేసికొని కూర్చుండి, మా అమ్మాయికి పాకము చూచుట నేర్పుచున్నది. మొదటి పాకము ముదిరి అరిసెలు ఱాళ్లయినవి. వానినే నమలి తింటిమి. రెండవది చక్కగా కుదిరినది. కాలిన అరిసెలను చెక్కలనడుమ ఒత్తుట ఇప్పుడు నా వంతు. బలముగా ఒత్తిన కొలది నూనె కారును గదా. మా నాయన ఆ చెక్కలను ఎంత గట్టిగా పట్టుకొనెడివాడో నాకు జ్ఞాపకమున్నది.

బాలబాలికలారా, ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ పెద్దవారిలో ఎవరైన పళ్లెమును ప్రక్కకు జరిపినయెడల, మెచ్చుకొని ఊరకుండకుడు; గద్దింపనును వద్దు. వారి ప్రక్కన కూర్చుండి, ఒకదానిని రెండు ముక్కలు చేసి, సగము వారికిచ్చి సగము మీరు తినుడు. వైద్యుడు అదియును వద్దనియున్నచో ఊరక ప్రక్కన కూర్చుండుడు. పిమ్మట, పరీక్ష ఎప్పుడు చేయించుకొంటిరని మెల్లగా అడుగుడు. నేను పదునేడేండ్ల వయస్సున అడుగవలసియుండిన ప్రశ్న అది. మీ కందరికిని పండుగ శుభములు.